మేసాయ్ వంతెన మీద రాజుగారి కోటు

"తిరుగుబాటు నాయకుడు కలుస్తాడని చెప్పి, సంత రోజున రాజుగారిని సరిహద్దులోని మేసాయ్ వంతెన మీదికి తీసుకురండి. మీ భార్యను మీకు అప్పగిస్తారు."

నాంగ్ మోహోమ్ నవ్వుతూనే చెప్పింది. చియాంగ్ మాయ్ హోటల్లో పాటలు పాడే ఆ అందగత్తె డబుల్ ఏజెంట్. అటు దేశాన్ని చేజిక్కించుకున్న రంగూన్ సైనిక ముఠాకూ, ఇటు సరిహద్దు దాటొచ్చి ప్రవాసంలో ఉన్న షాన్ ప్రాంతపు రాజుగారికీ కబుర్లు అమ్ముతుంది. ఎదురుగా కూర్చున్న సాయ్ ఖమ్‌లెంగ్ రాజుగారి సెక్రటరీ.

"రాజుగారిని పట్టుకునేవాళ్ళకి గుర్తు?" అడిగాడతను.

"నేనెవరి భుజం మీద చెయ్యేసి 'వానొచ్చేలా ఉంది' అంటే ఆయనే రాజు. అద్దె మనుషులు గోనెసంచి కప్పి బండెక్కిస్తారు. వాళ్ళకి ఎవరి మొహమూ తెలీదు."

సైన్యం కోటను చుట్టుముట్టిన రోజున ఖమ్‌లెంగ్ రాజముద్రను నడుముకు కట్టుకుని, రాజుగారి వెంట కొండలు దాటాడు. వారంలో వస్తానని భార్య నాంగ్ యీకి మాటిచ్చాడు. ఆమె సైన్యం చేతికి చిక్కింది. మళ్ళీ ఆమె మొహం చూడలేదు.

మోహోమ్ చెప్పినదాంట్లో అతను రాజుగారి దగ్గర ఏదీ దాచలేదు.

"అయితే పద, వెళ్దాం," అన్నారాయన.

"మీరు కాదు ప్రభూ. మీ కోటు ఇప్పించండి."

వంతెన మీద సంత జనం కిక్కిరిసి ఉన్నారు. ఖమ్‌లెంగ్ ఒంటి మీద రాజుగారి కోటు, మొహానికి నల్ల కళ్ళజోడు, పెట్టుడు మీసం. చేతికర్ర పిడిలో పొగమందు. మీట నొక్కితే పొగ కమ్ముతుంది, ఆ మరుగున యీని లాక్కుని పరుగెత్తాలి.

వంతెన అవతలి వైపు నుంచి రంగూన్ ముఠా కెప్టెన్ వర్తకుడి వేషంలో వచ్చాడు. నాంగ్ యీ మోచెయ్యి అతని పిడికిట్లో ఉంది. ఆమె చిక్కిపోయింది.

"దండాలు ప్రభూ. మీ సెక్రటరీ ఏడీ?"

"వంతెన ఎక్కడానికి భయపడ్డాడు."

ఖమ్‌లెంగ్ మీట నొక్కాడు. పొగ రాలేదు. మళ్ళీ నొక్కాడు. రాలేదు.

మోహోమ్ దగ్గరికొచ్చింది. ఆమె చూపు అతని మీసం మీద ఒక్క క్షణం ఆగింది. గుర్తుపట్టేసింది. వెనక క్యాబేజీ బండి దగ్గర అద్దె మనుషులు నలుగురు సిద్ధంగా ఉన్నారు.

ఆమె చెయ్యి లేచి, కెప్టెన్ భుజం మీద వాలింది.

"వానొచ్చేలా ఉంది."

గోనెసంచి కెప్టెన్ తల మీద పడింది.

"నేను కాదురా, వెధవల్లారా! వదలండి!"

"రాజు ఇలాగే అంటాడని ముందే చెప్పార్లే," అంటూ వాళ్ళు అతన్ని బండిలో కుక్కి అవతలి ఒడ్డుకు తోసుకుపోయారు.

ఖమ్‌లెంగ్ భార్య చెయ్యి పట్టుకుని ఇవతలికి పరుగెత్తాడు. మోహోమ్ కూడా వెనకే వచ్చి, ఇవతలి ఒడ్డున అతను ఆపి ఉంచిన జీపెక్కింది.

"ఎందుకు చేశావు?" అడిగాడు ఆయాసపడుతూ.

"రాజుగారు పోతే నా కబుర్లు ఎవరు కొంటారు?" అంది ఆమె. కానీ తన శాలువా తీసి యీ భుజాల మీద కప్పింది.

సాయంత్రం రాజుగారు యీని అడిగారు: "ఆ వేషంలో మీ ఆయన్ని గుర్తుపట్టావా అమ్మా?"

"వేషమేముంది ప్రభూ? ఇంట్లో ఈయన ఎప్పుడూ రాజే."