పాదసాక్షి

భీమిలి శిబిరంలో ఆ ఉదయం కూడా తలుపులు పేరు అడిగే తెరుచుకున్నాయి. సెలువా మణికట్టు లోపలి నామనాడి "సెలువా, మొరువా" అని పలికితేనే కుళాయి నీళ్లిచ్చింది. ఆ రెండో మాట దేశాక్షరం. అది పోతే తలుపు తెరుచుకోదు, మందు దొరకదు, మనిషి మనిషిగా లెక్కలోకి రాడు.

మొరువా దీవులు సముద్రంలో కలిసిపోయి చాలా కాలమైంది. మిగిలింది ఒక్క బండ. నామమండలి పెద్దల నియమం చూడముచ్చటైనది: నేలమీద ఒక్క పౌరుడు నిలబడి ఉన్నా దేశాక్షరం ఆ ప్రజలదే, నేల ఖాళీ అయితే వేలం. పేర్ల వ్యాపారులు గోతికాడ నక్కల్లా కాచుక్కూర్చున్నారు. బండమీద పరిచిన పాదసాక్షి అనే పలక, తనను తాకే పాదాన్నీ ఆ ఒంట్లోని నామనాడినీ గుర్తుపట్టి మండలికి చెబుతుంది. అందుకని మొరువా వాళ్లు వంతులేసుకుని ఆ బండకు కాపు వెళ్తారు. ఈ నెల వంతు సెలువా కూతురు మోరిది.

తుపాను హెచ్చరిక రాగానే సెలువా మండలి కార్యాలయానికి పరుగెత్తింది.

"పిల్లను వెనక్కి తెచ్చుకుంటాం బాబూ. గాలి తగ్గగానే మళ్లీ నిలబెడతాం."

అధికారి పైడిరాజు మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. "నా చేతుల్లో ఏముందమ్మా? పలక ఖాళీ అయితే యంత్రమే వేలం మొదలుపెట్టేస్తుంది. శిబిరంలో ఎంతమంది ఉన్నారో మీకు తెలీదా?"

ఆ మెత్తటి మాటకు సెలువా ఒళ్లు మండిపోయింది. టీ ముట్టకుండా లేచొచ్చేసింది.

బండమీదున్న కూతురికి ఫోన్ చేసింది. వచ్చెయ్యమని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మోరి చెప్పనివ్వలేదు. "పలక పక్కనున్న స్తంభానికి కట్టేసుకుంటానులే అమ్మా. కాళ్లు కడగడానికి నీళ్లు మాత్రం సిద్ధం చెయ్."

సముద్రం మీంచి వచ్చిన బిడ్డకు, బతికొచ్చినా చచ్చొచ్చినా, తల్లే కాళ్లు కడగడం మొరువా ఆచారం. సెలువా బిందె నింపి గుమ్మంలో పెట్టుకుంది.

తుపాను వెళ్లిపోయింది. తలుపులు తెరుచుకుంటూనే ఉన్నాయి. శిబిరమంతా సంబరపడింది. అప్పుడు, పడవేసుకుని బండకు వెళ్లిన తమ్ముడు తావో ఫోన్ చేశాడు.

"అక్కా... కట్లు ఊడలేదు. నిలబడే ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. పలక ఇంకా వెలుగుతూనే ఉందే! మోరి చోట నేను నిలబడతాను. పిల్లను నీకు పంపిస్తాను."

గుండె ఆడుతోందో లేదో చూడమని ఆ పలకకు ఎవరూ నేర్పలేదు.

సెలువా తలెత్తింది. గుమ్మంలో పొరుగింటి నెహిమా నిలబడి ఉంది. వచ్చే నెల వంతు ఆమె కొడుకుది. అంతా విన్నట్టుంది. రెండు చేతులూ జోడించింది.

సెలువాకు ఆమెను చంపేయాలనిపించింది.

"విప్పకురా," అంది తమ్ముడితో చివరికి. "కట్లు గట్టిగా ఉన్నాయేమో చూసి వచ్చెయ్."

సాయంత్రం పైడిరాజు ఫోన్ చేశాడు. "చూశారా అమ్మా, అనవసరంగా కంగారుపడ్డారు! ఇంతకీ వచ్చే నెల కాపు ఎవరు?"

"మోరి."

"మళ్లీనా? ఆ తర్వాత?"

"మోరే బాబూ. ఇక మా పిల్లలెవరూ వెళ్లరు."

"ధైర్యమంటే అదీ!" అని మెచ్చుకున్నాడాయన.

సెలువా బిందె దగ్గర కూర్చుంది. ఆ నీళ్లు పారబోయడానికి ఆమెకు చేతులు రాలేదు.