పలుపు కట్టిన మిషను

కోడి కూయకముందే ఆ ఇంటి పెరట్లో వాషింగ్ మిషను కూసేది. అట్లాంటిట్లాంటి కూత కాదు. దడదడమని మొదలై, దబీదబీమని గుండెలు బాదుకుని, పైనున్న రేకులన్నీ అదరగొట్టేది. ఇంటి ముసలాయన ఆంజినప్ప చెప్పేదాన్నిబట్టి, ఆ చప్పుడుకు రాయదుర్గం కొండమీది కోటలో నిద్రపోతున్న పాతకాలం సిపాయిలు లేచి కత్తులు వెతుక్కుంటున్నారు.

ఆ పొద్దు కూడా కొడుకు తిప్పేష్ కళ్లు నులుముకుంటూ వచ్చేసరికి, ముసలాయన మిషను పక్కన పీట వేసుకుని బీడీ కాలుస్తున్నాడు. ఒకప్పుడు తన ఎద్దును కట్టేసిన పలుపును మిషను నడుముకు చుట్టి, కొసను గోడ మేకుకు బిగించాడు.

"ఏంది నాయనా ఇది?"

"నిన్న మూరెడు జరిగింది. ఇట్లే ఇడిచిపెడితే బళ్లారి బస్సెక్కుతాది. అందుకే కట్టేసినా."

"ఈ యాళప్పుడు నిన్నెవరు తిప్పమన్న్యారు దాన్ని?"

"ఊరికే తిప్పినాలేరా, ఒట్టిదే. దాని గొంతు ఎట్లుండాదో చూద్దామని."

తిప్పేష్ పళ్లు కొరికాడు. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో కటింగ్ పని చేస్తూ, ఓటీలు చేసి, పాతదైనా సరేనని తెచ్చిన మిషను అది. పక్షవాతంతో అమ్మ నల్లమ్మ కుడిచెయ్యి పడిపోయాక, ఇంట్లో బట్టలు పిండే దిక్కులేక తెచ్చాడు. సాయంత్రం భార్య సరళ బట్టలు వేస్తే అది పిల్లిలా తిరుగుతుంది. తెల్లవారుజామున మాత్రం దానికి పూనకం వస్తుంది. కాళ్ల కింద టైరు ముక్కలు పెట్టి చూశాడు. చెక్క వేసి మట్టం సరిచేశాడు. రిపేరు చేసేవాణ్ని పిలిపిస్తే, పట్టపగలు తిప్పి, "బంగారమట్ల ఉండాది కదన్నా" అని కూలి తీసుకుని పోయాడు.

దానికీ ఆంజినప్ప దగ్గర కథ ఉంది. "అది పాత ఇంటిని మర్సిపోలేదురా. మా నాయన సంతలో తెచ్చిన ఆవు ఇట్లే, తెల్లారితే పుట్టిన ఊరి దిక్కు తిరిగి అరుస్తాండె. ఈడ అది అరిస్తే ఆడ ఆ ఊర్లో పొయ్యిమీది పాలు పొంగుతాండె!"

సరళ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. లోపల నల్లమ్మ మాత్రం నవ్వేది కాదు.

అసలు సంగతి ముసలాళ్లిద్దరికే తెలుసు. కొన్నాళ్లుగా నిద్రలో తనకు తెలియకుండానే నల్లమ్మ పక్క తడిసిపోతోంది. మొదటిసారి ఆమె చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఇది కోడలు పిల్లకు తెలిసిందంటే నేను బతికుండను, చూడు" అంది. ఆమెకు పనిచేసే చెయ్యి పట్టుకుని ఆంజినప్ప మాటిచ్చాడు. అప్పటినుంచీ ఎవరూ లేవకముందే ఇద్దరూ పెరట్లోకి పోవడం, ఉతకడం, డ్రయ్యర్లో వేసి పిండడం. ఆ తరువాత ఆయన దాన్ని మిద్దెమీద ట్యాంకు వెనకాల ఆరేసి వచ్చేవాడు.

అది దుప్పటైనా బాగుండేది. సరళ కుట్టిన బొంత. ఆమెదీ ఆ యూనిట్లోనే కుట్టుపని. అక్కడ పారేసే జీన్స్ పేలికలు ఏరుకొచ్చి, అత్తకు చలి ఆగదని రెండు వరసలుగా కుట్టింది. తడిస్తే దూడంత బరువు. వేరే పక్క పరుచుకుంటే "బొంత ఏమాయె అత్తా" అని కోడలు అడుగుతుందని నల్లమ్మ భయం. మిషను ఎందుకు ఎగురుతోందో ఇద్దరికీ తెలియదు. ఆపితే బొంత ఆరదు. అందుకే ముసలాయన పూటకొక కథ అల్లేవాడు.

శుక్రవారం పొద్దున ఆ కథలూ ఆదుకోలేదు. మిషను ఎగిరిన ఎగురుడుకు గోడ మేకు ఊడింది. మిషను పోయి పక్కనున్న నీళ్ల డ్రమ్మును గుద్దడంతో డ్రమ్ము కుళాయి విరిగింది. వారానికోసారి వచ్చే కుళాయి నీళ్లు, వీధంతా బిందెలకోసం కొట్టుకుచచ్చే నీళ్లు, కాలువ కట్టి పారిపోతున్నాయి.

"ఈ పొద్దే దీన్ని పాతసామాన్లోనికి ఏసేస్తా!" తిప్పేష్ కేకకు పక్కింట్లో దీపం వెలిగింది.

సరళ పరుగున వచ్చి కారే నీళ్లకింద బిందె పెట్టింది. మిషను గొట్టం నుంచి వచ్చే నీళ్లు నీలంగా ఉన్నాయి. రోజంతా జీన్స్ గుడ్డతోనే బతికే మనిషి, ఆ నీలం ఆమెకు తెలియనిది కాదు. డ్రయ్యర్లో చెయ్యి పెట్టింది.

"ఇది అత్త బొంత కదా?"

ఆంజినప్ప అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"తప్పు నాది తల్లీ. రాత్రి మీ అత్త బొంత నేను కప్పుకున్యా. కలలో వాన! రేయ్ తిప్పేషూ, అట్లాంటి వాన నువ్వు పుట్టినాక పడలేదురా. హగరి ఏరు రెండు గట్లూ తెంచుకోని వచ్చె. అంత వానలో ఎవనికి ఆగుతాది చెప్పు?"

తిప్పేష్ నవ్వలేదు. "ఇంత వయసొచ్చి పక్క తడుపుకొని, దాన్ని దాచేకి మిషను పగలగొడ్తావా? సిగ్గులేదా నాయనా? రేపట్నుంచి ఈ రేకుల కిందనే పండుకో, ఇంట్లోకి రావద్దు!"

ముసలాయన తల వంచుకున్నాడు.

"రేయ్!" నల్లమ్మ గడప పట్టుకుని నిలబడింది. "ఆయప్పను ఏమీ అనొద్దురా. వాన లేదు, కల లేదు. తడిసేది నా పక్క. దినామూ తడుస్తాండాది. పండబెడితే నన్ను పండబెట్టు ఆ రేకుల కింద."

తిప్పేష్ పోయి విరిగిన కుళాయిలో గుడ్డ కుక్కాడు.

నల్లమ్మ కోడలివైపు చూసింది, చూడలేక కళ్లు దించుకుంది. "పొద్దంతా ఆడ కుట్టుమిషను కాడ నడుము ఇరగదీసుకోని, మళ్లీ ఇంటికొచ్చి నాకోసం కుట్టిస్తివి. దాన్ని గలీజు చేసినానని నీకెట్ల చెప్పేది తల్లీ?"

సరళ బిందె అక్కడే వదిలి గబగబా లోపలికి పోయింది.

"చూస్తివా, అసయ్యపడి పాయె" అంటూ నల్లమ్మ గడపమీదే కూలబడింది. ఆంజినప్ప పక్కన కూర్చున్నాడు.

సరళ తిరిగొచ్చింది. చేతినిండా తన మంచం మీది దుప్పట్లు, మొగుడి లుంగీలు. వాటిని తడిపి, డ్రయ్యర్లో బొంతను ఒక పక్కకు సర్ది, రెండో పక్క కుక్కింది. పైన మూత అదిమింది.

"ఒంటిగా ఏస్తే ఎట్ల తిరుగుతాదత్తా? బరువంతా ఒక పక్కకే పడితే కొట్టుకోకుండా ఏం చేస్తాది? నాకొక మాట చెప్పుంటే..." మీట తిప్పింది.

జుయ్‌మంటూ మిషను తిరిగింది. దడ లేదు, ఎగురుడు లేదు. ఆ మెత్తని చప్పుడులో నల్లమ్మ వెక్కిళ్లు అందరికీ వినబడ్డాయి. సరళ వచ్చి ఆమె పడిపోయిన చెయ్యిని ఒళ్లో పెట్టుకుంది. "మా అవ్వకు చేసినా కదా. నీకు చేయనా? సోమవారం ఆస్పత్రికి పోదాం. ఏమో, మందుంటుందేమో అడుగుదాం."

తిప్పేష్ వంగి మిషనుకున్న పలుపు విప్పుతున్నాడు. ముడి విప్పడానికి చానాసేపు పట్టింది. "నాయనా, నేనన్న మాట..."

"పోనీలేరా" అన్నాడు ఆంజినప్ప.

ఎండ వచ్చేసరికి ఆ పలుపును సరళ మిద్దెమీద ఒక గోడనుంచి ఇంకో గోడకు కట్టింది. ఇంటిల్లిపాది పక్కలూ ఆరేసింది. మధ్యలో బొంత.

పక్కింటి బయమ్మ తల పైకెత్తి అడిగింది. "ఏమన్నా ఆంజినప్పన్నా, ఈ నీళ్లకరువులో పక్కలన్నీ ఉతికినారే?"

ఆంజినప్ప నోరు తెరిచాడు. కథ రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయనకు కథ దొరకకపోవడం అదే మొదటిసారి.

ఆయన వెనకాల మెట్లమీద కూర్చున్న నల్లమ్మ, చెంగుతో ముక్కు తుడుచుకుని గొంతు పెంచింది.

"ఆయప్ప కలలో వాన పడిందంటమ్మా. హగరి రెండు గట్లూ తెంచుకొనిందంట. మా ఇల్లంతా తడిసిపాయె!"

బయమ్మ పగలబడి నవ్వింది. ఆంజినప్ప అటు తిరిగి, ఆరేసిన బొంత అంచులో మొహం దాచుకున్నాడు.