చూపు తప్పిన కట్

“సినిమాలో హీరోయిన్ ఎక్కడమ్మా? నాకు గోడ తప్ప ఏమీ కనిపించడం లేదు!”

నిర్మాత కళ్ళకి తగిలించుకున్న హెడ్‌సెట్ ఊడదీసి బల్ల మీద పెట్టింది. ఎడిటర్ సొంతంగా కూర్చిన మొదటి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) చిత్రం ఇది.

“నలుగురికి చూపించాను. నలుగురికీ గోడలే. మాట వెనకనుంచి, మనిషి పక్కనుంచి! కట్ పడ్డప్పుడల్లా కళ్ళు తిరుగుతున్నాయట. మధ్యాహ్నం కొనేవాళ్ళు వస్తున్నారు. ఈలోగా కారణం తేల్చకపోతే వేరే ఎడిటర్‌ని పెట్టుకుంటాను.”

మామూలు సినిమాలో ప్రేక్షకుడు ఎటు చూడాలో తెర నిర్ణయిస్తుంది. వీఆర్‌లో ఆ పెత్తనం చెల్లదు. చూసేవాడు దృశ్యం నడుమ నిలబడి తన ఇష్టం వచ్చినట్టు తల తిప్పుతాడు. షాట్ ముగిసేసరికి అతని చూపు ఎక్కడుంటుందో పట్టుకుని, తర్వాతి షాట్‌లో ముఖ్యమైన మనిషిని సరిగ్గా అక్కడే నిలపాలి. ఎడిటర్ అలాగే చేసింది. నిర్మాత తమ్ముడైన కెమెరామన్‌కి హెడ్‌సెట్ తగిలించి, అతని ముక్కు ఎటు తిరిగితే అటు గుర్తు పెట్టుకుని కట్ చేసింది. అతను చూసి “బ్రహ్మాండం” అన్నాడు.

ఆ బ్రహ్మాండం ఇప్పుడు ఆమె నెత్తిన పడింది.

నిర్మాత పక్కగదిలోకి వెళ్ళగానే ఎడిటర్ అతన్ని హెడ్‌సెట్‌తో మళ్ళీ నిలబెట్టింది. కథంతా ఒకే వెయిటింగ్ హాల్లో జరుగుతుంది. హీరోయిన్ తలుపు దగ్గర ఏడుస్తోంది. అతని ముక్కు మాత్రం మెల్లగా కిటికీ వైపు జారింది.

“అక్కడేముంది?”

“వాన బాగా పడింది ఆ షాట్‌లో.”

“ఆ కిటికీ ముందు కూర్చుని పేపర్ చదువుతున్నది నేను! షూటింగ్‌లో మనుషులు చాలక నన్ను కూర్చోబెట్టారు.”

“పేపర్ తలకిందులుగా పట్టుకున్నావు. అది చూస్తున్నా.”

“ప్రతి షాట్‌లోనూనా?”

అతను హెడ్‌సెట్ తీయలేదు. దాని వెనక దాక్కోవడం తేలిక.

“హీరోయిన్నే చూస్తున్నావా అని ఆ రోజే అడిగాను. ఇంకెవర్ని చూస్తానన్నావు. నువ్వు దాచుకున్నది నీ మనసు. పోయేది నా ఉద్యోగం. వెళ్ళి మీ అక్కతో చెప్పు.”

“అక్కకా! జన్మంతా ఏడిపిస్తుంది.”

“ఏడిపించనీ. తప్పు నీ కళ్ళది, తిట్లు నాకా?”

తలుపు తెరుచుకుంది. “తేలిందా?” అంది నిర్మాత.

ఎడిటర్ కెమెరామన్ వైపు చూసింది. ఇతను దీన్ని నవ్వులాటగా తీసిపారేస్తే, బ్యాగు తీసుకుని బయటికి నడవాలని నిశ్చయించుకుంది.

అతను హెడ్‌సెట్ తీశాడు.

“అక్కా, తన లెక్క సరైందే. నేనే హీరోయిన్‌ని చూడలేదు.”

“మరెవర్ని చూశావురా?”

“తనని. ఇష్టం కాబట్టి. అడిగితే అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం మీదే తను సినిమా అంతా కట్టింది.”

నిర్మాత అతని చేతిలోంచి హెడ్‌సెట్ లాక్కుంది.

“ఇంత డబ్బు పోసి నీ ఒక్కడి కోసం తీశానట్రా సినిమా?” అని అక్క ఎడిటర్ వైపు తిరిగింది. “కొనేవాళ్ళని రేపు రమ్మంటాను. ఆ నలుగుర్నీ మళ్ళీ పంపిస్తాను, వాళ్ళ చూపుతో సరిచెయ్యమ్మా. వీణ్ణి హెడ్‌సెట్ ముట్టుకోనివ్వకు. మిగతా సంగతి నీ ఇష్టం, నాకైతే అభ్యంతరం లేదు.”

ఆవిడ వెళ్ళిపోయింది. అతను కదలలేదు.

“నేనేం చెయ్యను మరి?”

“కుర్చీ తెచ్చుకుని ఇటు కూర్చో. నీ చూపు సినిమాకి పనికిరాదు గానీ,” తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అంది ఆమె, “నాకు పనికొస్తుంది.”