గుప్పెడంత ఉపగ్రహం

మూడో తవ్వుకడ్డీని పైకి లాగి, మట్టిదిమ్మెను పళ్లెంలో పెట్టి, నూకరత్నం యథాప్రకారం దీపం దగ్గరకు జరిపింది. ఎనిమిదేళ్లుగా ఇదే పని. గ్రహశకలం మీద దిగడం, ముక్క తీసి చూడటం, పొడి చేయొచ్చని ముద్ర వేయడం. ఆ వెనకే పిండిమర వచ్చి కొండంత రాయిని పొడి చేసి పోతుంది. కిలోమీటరున్నర వెడల్పున్న ఈ రాయికి ఇంకా ఆరు గంటలే ఉంది.

దిమ్మెలో ఏదో నీలంగా తళుక్కుమంది. ఉప్పుకల్లు. నౌపడ ఉప్పుమళ్లలో పెరిగిన మనిషికి ఉప్పును ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. పొయ్యిలో పడితే అది ఎందుకు చిటపటమంటుందో కూడా ఆమెకు తెలుసు. భూతద్దం పెట్టింది. కల్లు లోపల నీటిబొట్టు, అందులో ఒక బుడగ. పళ్లెం వంచితే బుడగ కదిలింది.

"మస్తానన్నా, ఉప్పులో నీరుందన్నా. మన సముద్రాలు పుట్టకముందటి నీరు," అంది, పైన అంతరిక్ష పడవ నడిపే మస్తాన్‌తో.

"మర వేడికి అంతా ఆవిరే గదమ్మా. ఆపమని నిర్ణేతనడుగు."

అడిగింది. శకలాల వలయంలోని రాళ్లన్నిటి తలరాత రాసే ఆ యంత్రం తడుముకోలేదు. "నీరు కారణం కాదు. ఉపగ్రహం ఉన్న శకలాన్నే ఏడాది ముట్టము. రాయి పోతే ఉపగ్రహం ఓడల దారిలో పడుతుంది. దీనికి ఉపగ్రహం లేదు."

"ఇప్పటికి నేదు," అంది నూకరత్నం.

ఎత్తైన గట్టెక్కి గుప్పెడంత రాయి ఏరుకుంది. ఈ శకలం ఆకర్షణ ఎంత తక్కువంటే, నడక వేగంతో విసిరినా రాయి తిరిగి రాదు. మొదటిది జోరుగా పోయి చుక్కల్లో కలిసింది. రెండోది నీరసంగా గట్టు కిందికి వాలిపోయింది. మూడోదాన్ని ఆ రెండిటికీ నడిమి వేగంతో, పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినంత జాగ్రత్తగా వదిలింది. అది అంచు దాటి సాగిపోయింది.

"ఏం చేస్తుండావమ్మా?"

"సందమామని సేత్తన్నానన్నా."

రెండున్నర గంటలు రెప్ప వేయకుండా నిలబడింది. విసిరిన రాయి శకలాన్ని చుట్టి, ఆమె వెనకవైపు నుంచి వచ్చి, తల మీదుగా తాపీగా దాటింది. నూకరత్నం పట్టరాని సంతోషంతో నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఉపగ్రహం నమోదైంది. మూలం?" అడిగింది నిర్ణేత.

"నానే ఇసిరాను."

నిర్ణేత నిబంధనను మళ్లీ వెతికింది. ఉపగ్రహం ఎంతుండాలో, దాన్ని ఎవరు విసరకూడదో అందులో ఎక్కడా లేదు. దూరంగా పిండిమర దీపాలు ఆగి, వెనక్కి తిరిగాయి.

ఈ సంభాషణంతా మస్తాన్ అన్ని పడవలకూ వినిపించాడు. మర్నాటికల్లా వలయంలో మరో పదిహేడు శకలాలకు కొత్త ఉపగ్రహాలు నమోదయ్యాయి. అన్నీ గుప్పెడంతవే.