పదకొండు సెకన్ల ముక్కు

గవర్రాజు గారు గాజు గొట్టంలోకి ఊదారు. నాసిక పదకొండు సెకన్లు ఆలోచించి ఎర్రదీపం వెలిగించింది.

"గురువు గారికే నామం పెట్టిందండోయ్ శిష్యురాలు!" అన్నారు వెనకాల వరసలో ఎవరో. వంటవాళ్ళందరూ గొల్లుమన్నారు. ఆయనా నవ్వి మళ్ళీ ఊదారు. మళ్ళీ ఎరుపే.

శిష్యురాలంటే ఆ నాసిక అనే యంత్రమే. రాజమండ్రి ఉమ్మడి వంటశాలలో గవర్రాజు గారు పెద్ద వంటవాడు. పాతిక హాస్టళ్ళకి అన్నం అక్కణ్ణుంచే వెళ్తుంది. ఆయన ఇంటి ఆచారం ఒకటుంది. నివేదన అయ్యేదాకా వంట నాలిక మీద వేసుకోకూడదు. పులుసులో ఉప్పు చాలిందో లేదో ఆవిరి పీల్చి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఒక్కసారీ తప్పలేదు. అలాంటి ముక్కు ఉందని తెలిసే డాక్టర్ హిమజ రెండేళ్ళ కిందట తన మిషన్ మోసుకుని ఆయన దగ్గరికి వచ్చింది.

యంత్రం సంగతి తేలిగ్గా చెప్పేస్తాను, కంగారు పడకండి. ఏ క్రిమి అయినా పెరిగేటప్పుడు కాస్త వాయువు వదులుతుంది. ల్యాబ్‌లో కల్చర్ పెట్టి ఆ క్రిమిని తేల్చడానికి మూడు రోజులు కావాలి. ఈలోపు అన్నం తినడం, అరగడం, ఆస్పత్రిలో చేరడం కూడా అయిపోతాయి. నాసికలో రెండు వందల సెన్సర్లున్నాయి. వాసన పీల్చి, తను నేర్చుకున్న వాసనలతో పోల్చి, పదకొండు సెకన్లలో చెప్పేస్తుంది. కాని ముందు ఎవరో ఒకరు నేర్పాలి కదా! "ఇది మంచి పప్పు, ఇది ఇంకో గంటలో చెడే పప్పు" అంటూ గవర్రాజు గారు చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పారు. వంట వాసనలోంచి వంటవాడి వాసన విడదీయాలని హిమజ ఆయన ఊపిరి కూడా రోజూ పట్టేది. ఇప్పుడు నాసిక వంటవాళ్ళనే పరీక్షిస్తుంది. కడుపులో టైఫాయిడ్ క్రిమి దాక్కుని ఉంటే పట్టేస్తుంది. ఆ రోజునుంచి నలభై వంటశాలల్లో పచ్చదీపం వెలిగితేనే లోపలికి అడుగు.

"రేపు మీరు రాకండి బాబాయి గారూ, రెస్ట్ తీసుకోండి" అని హిమజ ముందురోజు రెండుసార్లు ఫోన్ చేసింది. తను నేర్పిన మిషన్‌కి తొలిరోజైతే ఇంట్లో కూర్చుంటారా ఆయన? ఇస్త్రీ పంచె కట్టుకుని మరీ వచ్చారు.

"చూడమ్మా, మిషన్ ఏదో తేడా చేసింది" అని హిమజ వైపు తిరిగారు.

హిమజ ఉలిక్కిపడలేదు. తల దించుకుంది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు బాబాయి గారూ. ఎనిమిది నెలల్నుంచి. హెల్త్ చెకప్ అని శాంపిల్స్ తీసుకున్నాం కదా, అప్పుడు తేలింది. క్రిమి పిత్తాశయంలో ఉంటుంది. మిమ్మల్ని ఏం చెయ్యదు, ఇంకొకళ్ళకి అంటుకుంటుంది. క్యారియర్ అంటారు."

"మందు లేదా?"

"ఉంది. నెల రోజులు మాత్రలు." అంది హిమజ. "కాని మందు వేస్తే ఆ వాసన పోతుంది. నాసికకి నేర్పడానికి నాకింకో క్యారియర్ దొరకలేదు. పిల్లలకి ప్రమాదం లేకుండా వంటశాలకి చేతి తొడుగులు తెప్పించాను."

ఎనిమిది నెలలు! ఆయనకి గుర్తొచ్చింది. ఆయన చేతి కందిపొడి ముద్ద అడిగి మరీ పెట్టించుకునే ఈ పిల్ల, సరిగ్గా అప్పట్నుంచే "డైటింగ్" అంటూ డబ్బా తెచ్చుకోవడం మొదలెట్టింది.

"తొడుగులు వంటశాలకి తెప్పించావు. మరి మా ఇంటికో?"

శ్రావణంలో ఆయన భార్య భ్రమరాంబకి టైఫాయిడ్ వచ్చింది. పేగుకి చిల్లు పడింది. ఆస్పత్రి తిండి సయించదని నలభై రోజులూ ఆయనే అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ పోసి తినిపించారు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. ఇప్పటికీ ఆవిడ గోడ పట్టుకునే నడుస్తోంది. హిమజ యాపిల్ పళ్ళతో రెండుసార్లు చూడ్డానికి వచ్చి, ఆయన అన్నం పిసుకుతుంటే ఎదురుగా కూర్చుని చూసింది!

"ఒక్క మాట, 'బాబాయ్, చేత్తో కలపకు' అని ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు రాలేదా? కూతురనుకున్నానే నిన్ను! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి."

"లక్షల మందికి మేలు జరుగుతుందనుకున్నాను..."

"ఆ లక్షల్లో మా ఆవిడ లేదా?"

హిమజ ఏడ్చింది. ఏడిస్తే ఏం లాభం?

గవర్రాజు గారు ఆ సాయంత్రమే మాత్రలు మొదలెట్టారు. ఆయనకి కావలసింది ఒక్కటే, మళ్ళీ తన పొయ్యి దగ్గర నిలబడాలి. పొయ్యి దగ్గర లేని గవర్రాజు ఏం గవర్రాజు? నెల గడిచాక కొంత ఆగి, పెద్ద ల్యాబ్‌లో మూడుసార్లు పరీక్ష చేయించుకున్నారు. మూడుసార్లూ క్రిమి లేదని కాగితం ఇచ్చారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని వంటశాలకి వచ్చి, గొట్టంలోకి ఊదారు.

ఎర్రదీపం.

కబురందుకుని హిమజ పరుగెత్తుకొచ్చింది. కాగితం చదివి, కారులోంచి ఓ సంచీ తెచ్చింది. ఆ వారమే ఊళ్ళో దొరికిన ఇంకో క్యారియర్ ఊపిరి అందులో పట్టి ఉంది. దాన్ని గొట్టానికి తగిలించింది. పదకొండు సెకన్ల తరవాత పచ్చదీపం వెలిగింది. జబ్బు ఊపిరికి పచ్చ!

"జబ్బు వాసన అని దానికి చూపించినవన్నీ మీ ఊపిర్లే" అంది మెల్లిగా. "అది టైఫాయిడ్‌ని నేర్చుకోలేదు బాబాయి గారూ. మిమ్మల్ని నేర్చుకుంది."

"నలభై చోట్లా ఇంతేనా?"

"అన్నిటికీ ఇదే పాఠం ఎక్కించాను."

పొద్దుటి షిఫ్టు వంటవాళ్ళు ఊది లోపలికి వెళ్ళిపోతున్నారు. పచ్చ, పచ్చ, పచ్చ. మిషన్ వచ్చింది కదా అని చేతి తొడుగులు ఎప్పుడో మానేశారు. లోపల పెరుగు పచ్చడి చేత్తోనే కలుపుతున్నారు. అది పొయ్యెక్కేది కాదు, క్రిమి చావదు; నేరుగా హాస్టళ్ళకి వెళ్ళే వ్యాన్ ఎక్కుతుంది.

గవర్రాజు గారు వ్యాన్‌కి అడ్డంగా వెళ్ళి నిలబడ్డారు. "పచ్చడి ఆపండి! మిషన్ పనిచెయ్యట్లేదు!"

"మీకు రెడ్ వచ్చిందండి" అన్నాడు వాచ్‌మన్ మర్యాదగానే, ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకి జరిపి. "రెడ్ వచ్చినవాళ్ళు గేటవతల ఉండాలండి. ఏం అనుకోకండి."

"నా మాట నమ్మవు సరే, ఈ అమ్మాయి డాక్టరు, ఈవిణ్ణి అడుగు! చెప్పమ్మా!"

వాచ్‌మన్, డ్రైవరు, గుమ్మంలో వంటవాళ్ళు, అందరూ హిమజ వైపు చూశారు.

"ఒకసారి హెడ్ ఆఫీస్‌తో మాట్లాడి చెప్తాను" అంది హిమజ, ఆయన కేసి చూడకుండా.

డ్రైవరు తల ఊపి వ్యాన్ స్టార్ట్ చేశాడు.