చీటీకి రెండో వైపు

ఆ శనివారం కూడా ఓస్మో పెళ్లాం మొహం చూడకముందే ఫోన్‌లో గంటగంటకూ మారే కరెంటు ధర చూశాడు.

"పదకొండు నుంచి మూడు దాకా చవక," అన్నాడు ఓట్స్ జావ కలుపుతూ. "గాలికి కరెంటు మరలు బాగా తిరుగుతున్నాయిలే. సౌనా ఆవిరి స్నానం, బట్టల మిషను, కంప్యూటరు, అన్నీ అప్పుడే కానిచ్చేద్దాం."

తెల్లెర్వో తలూపింది. ఈ మధ్య ఆమె చేయగలిగింది అదొక్కటే. ఊరి గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పిల్లలకు కథలు చదివిన గొంతు, ఇంట్లో నలభై ఏళ్లు మొగుణ్ణి దారిలో పెట్టిన గొంతు, ఇప్పుడు బొంగురుపోయి గరగరలాడుతోంది. మంగళవారం ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తారు. అప్పటిదాకా నోరు విప్పొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తర్వాత ఆమె మాటలు టైపు చేస్తే ఒక చిన్న పరికరం ఆమె గొంతుతోనే పలుకుతుందట. అందుకు గొంతు బాగున్న రోజుల రికార్డింగులు కావాలి. వాటిని ఒక డిస్కులో పెట్టి సోమవారం పొద్దున్నే ఆసుపత్రిలో ఇవ్వాలి.

రికార్డింగులు ఉన్నాయి. ఉన్నది ఓస్మో కంప్యూటర్‌లో, చిక్కంతా అదే. అది కొన్నది కాదు, ఆయన స్వయంగా బిగించింది. పెట్టె ఒక కాలానిది, లోపలి సామాను మరో కాలానిది. రెండు డిస్కులను తనొక్కడికే తెలిసిన పద్ధతిలో జోడించాడు. ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు పెడితే చదవదు. ఉత్తరాలు రాసుకోవడానికి, ఫోటోలు చూసుకోవడానికి బంగారంలా పనిచేస్తుంది. పెద్ద ఫైళ్లు బయటి డిస్కుకు పంపుతుంటే మాత్రం మధ్యలో టపీమని ఆగిపోతుంది. బుధవారం సౌనా నాడు రెండుసార్లు అలాగే చేసింది.

ఆ బుధవారమే తెల్లెర్వో ఒక చీటీ రాసి ఆయన చేతికిచ్చింది. "తర్వాత చూస్తాలే," అని ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఆ 'తర్వాత' అనేది ఇంకా రాలేదు.

పది గంటలకు కూతురు కైసు బన్నుల పొట్లంతో వచ్చింది. బూట్ల మంచు దులుపుకుంటూనే, "అయిందా నాన్నా?" అంది.

"పొద్దున ఎనిమిదికి పరీక్ష పెట్టాను. మెమరీ బాగుంది, కేబుల్ కొత్తది, వేడి కూడా లేదు. చిన్న ఫైళ్లు చక్కగా వెళ్లాయి. ఇక అడ్డమేముంది?"

"ఎనిమిదికి ఇంట్లో దీపం కూడా వెయ్యవుగా నువ్వు, ఖరీదని!"

"కంప్యూటర్‌కు దీపంతో పనేంటి?"

పదకొండయింది. సౌనా పొయ్యి వేశారు, బట్టల మిషను తిరగసాగింది, ఫైళ్లు కదిలాయి. తెల్లెర్వో వంటింటి బల్ల దగ్గర కూర్చుని చెవులు రిక్కించింది. మాట్లాడే పని లేకపోతే వినే పని పెరుగుతుందని ఆమెకు ఈ నెలలోనే తెలిసింది. నలభై నిమిషాలు గడిచాయి. స్నానాల గది వైపు నుంచి పొయ్యి 'టక్'మంది. ఆ వెంటనే పక్కగదిలో కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడు ఆగిపోయింది.

"చచ్చింది!" అన్నాడు ఓస్మో.

ఆమె గబగబా ఇంకో చీటీ రాసి కైసు ముందు పెట్టింది. కైసు ఫోన్‌లో ఏదో వెతుకుతూ, "ఒక్క నిమిషం అమ్మా, నువ్వు అలసిపోకు," అని కాఫీ కప్పు తెచ్చి ఆ చీటీ మీదే పెట్టింది. కప్పు కింద అక్షరాలు తడిసి అలుక్కుపోయాయి.

రెండోసారి మొదలుపెట్టారు. ఒంటిగంటకు మళ్లీ టక్, మళ్లీ నిశ్శబ్దం.

"ఇక చాలు నాన్నా! నిన్ననే ఎవరికైనా చూపించమన్నానా లేదా? పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటావు!"

"ఎవరికి చూపించను? నేను బిగించిందాన్ని ఇంకెవడు విప్పుతాడు?"

"అదే నేనంటున్నది! తాళం వేసి చెవి మింగావు. నీకు అమ్మ గొంతు కావాలా, నీ పెట్టె పరువు కావాలా?"

ఓస్మో చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేశాడు. "నాకు పరువా? రాత్రి ఆవిడ దగ్గుతుంటే గోడకు తిరిగి పడుకునేది ఎవరు, నువ్వా? పొద్దున లేస్తే ఇల్లు శ్మశానంలా ఉంటుంది. ఈ ఫైళ్లు పోతే నాకు మిగిలేది ఆ నిశ్శబ్దమే!"

"మరి ఆ మాట అమ్మతో అను, నాతో కాదు!"

ఇద్దరూ తెల్లెర్వో తల మీదుగా అరుచుకుంటున్నారు. ఆమె మూడో చీటీ రాసి చెయ్యెత్తి పట్టుకుంది. ఎవరూ చూడలేదు. ఆమెకు కోపం కూడా రాలేదు, ఒళ్లంతా నీరసం ఆవరించింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారు వీళ్లు. డాక్టరమ్మను మనసులోనే క్షమాపణ అడిగి, ఆమె నోరు తెరిచింది.

"ఓస్మో. సౌనా ఆపు."

గొంతు రంపం కోసినట్టు వచ్చింది. ఇద్దరూ చప్పున ఆమె వైపు తిరిగారు.

ఆమె మూడో చీటీ చూపించింది. 'పొయ్యి టక్‌మన్నప్పుడల్లా కంప్యూటర్ ఆగుతోంది. బుధవారం కూడా.'

ఓస్మో జేబులు తడుముకున్నాడు. నాలుగు మడతల కాగితం బయటికి వచ్చింది. ఒక వైపు ఆయన చేత్తో గీసిన వైర్ల బొమ్మ, స్క్రూల కొలతలు ఉన్నాయి. మూడు రోజులుగా దాన్ని చూసుకుంటూనే పనిచేశాడు. తిప్పి చూస్తే రెండో వైపు భార్య చేతిరాత, అదే మాట.

కుర్చీలో కూలబడ్డాడు. "కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా పాతది," అన్నాడు మెల్లగా. "డిస్కులన్నీ తిరుగుతుంటే దానికి ఊపిరి ఆడదు. అదే సమయానికి పొయ్యి టక్‌మని మళ్లీ రాజుకుని కరెంటు లాగితే పడిపోతుంది. నేనేమో అన్నీ ఆపేసిన వేళ పరీక్ష పెట్టి, అన్నీ వేసిన వేళ పంపుతున్నాను." కాగితాన్ని బల్ల మీద పరిచాడు. "నువ్వు చెప్పావు. ఈ కాగితం వెనక నేను బొమ్మలు గీసుకున్నాను."

కైసు కాఫీ కప్పు ఎత్తి తడిసిన చీటీని చూసింది. "నేనూ అంతే అమ్మా. నీ గొంతు దాచిపెట్టాలని నీ మాట వినడమే మానేశాం," అంటూ తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేసింది. తెల్లెర్వో ఆమె జుట్టు నిమురుతూ కూర్చుంది.

సౌనా ఆపారు. పెళ్లయ్యాక శనివారం సౌనా పొయ్యి మీది రాళ్లు చల్లబడిన పొద్దు ఆ ఇంట్లో అదే మొదటిది. బట్టల మిషను సగంలో ఆగింది. ముగ్గురూ చలికి స్వెట్టర్లు వేసుకుని, ఫైళ్లు ఎంతవరకు వెళ్లాయో చూపే తెర మీది గీతను చూస్తూ కూర్చున్నారు. మూడు దాటింది, నాలుగయింది. గీత చివరికి చేరింది.

సరిగ్గా వెళ్లాయో లేదో చూద్దామని ఓస్మో ఒక ఫైలు తెరిచాడు. గంటలాంటి గొంతు గది నిండా పలికింది.

"అందరూ కూర్చున్నారా? చెవులు ఇటు పెట్టారా పిల్లలూ? అయితే సరే, మొదలెడతాను."

ఓస్మో మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. తెల్లెర్వో ఆయన వీపు మీద చెయ్యి వేసి, రికార్డింగు అయిపోయేదాకా తీయలేదు.

తర్వాత కాగితం తీసుకుని ఏదో రాసి ఆయనకిచ్చింది. 'చలేస్తోంది. ఇప్పుడు సౌనా వెయ్యి.'

అప్పటికి కరెంటు ధర పెరిగి ఉంటుంది. ఓస్మో ఫోను తీయలేదు. చీటీ చదివి లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, వెనక ఇంకేమైనా రాసిందేమోనని కాగితాన్ని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.