గున్నమ్మ ఎక్కడున్నా మైకు దగ్గరికి రావాలి

నర్సీపట్నంలో అమ్మవారి పండగంటే నాకు మైకే. పదేళ్లుగా మా వీధి పందిట్లో అనౌన్సుమెంట్లన్నీ నావే. పులివేషాలకి దారివ్వండి, ఎర్ర బండి ఎవరిదో అడ్డం తియ్యండి, ఫలానా పిల్లాడు ఏడుస్తున్నాడు వచ్చి తీసుకెళ్లండి... ఇలా గొంతు పోయేదాకా చెబుతూనే ఉంటాను.

కిందటేడు ఎండలు మరీ మండిపోయాయి. పొద్దు వాలుతున్నా తారురోడ్డు సెగలు కక్కుతూనే ఉంది. ఘటాలొచ్చే వేళ కావడంతో ఆడవాళ్లు వాకిళ్లలో పసుపునీళ్లు చల్లుతున్నారు. తడిసిన దుమ్ము వాసన, వేపాకు వాసన, జీళ్ల పాకం వాసన కలిసి వస్తున్నాయి. ఎక్కడో అబీద్ సెంటర్ వైపు డప్పులు మోగుతున్నాయి.

మా ఆవిడ రోజారమణి నాలుగిళ్ల అవతల గాజుల బండి దగ్గర ఉంది. ఆ బండి వాళ్లమ్మ దేవుడమ్మగారిది. ఆవిడ పోయాక ఈమె చూసుకుంటోంది. నిజానికి దేవుడమ్మగారు కన్నతల్లి కాదు. పిల్లల్లేని మనిషి. ముప్పయ్యేళ్ల కిందట ఇదే పండగలో దొరికిన పిల్లని, ఎవరూ రాలేదని చెప్పి పెంచుకుంది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. మాకు అప్పటికి మూడేళ్ల పాప, మోక్షిత. అదీ ఆ సాయంత్రం వాళ్లమ్మ దగ్గరే ఉంది.

"బాబూ... ఓపాలి సెప్పండి బాబూ."

తల తిప్పి చూశాను. నా కుర్చీ పక్కన ఒకామె నిలబడి ఉంది. పాతికేళ్లుంటాయేమో. ముతక చీర, ముక్కుకి రెండు వైపులా పుడకలు. కొండ మీంచి వచ్చిన మనిషని చూడగానే తెలిసింది. పండక్కి చింతపల్లి బస్సుల్లో చాలామంది దిగుతారు. పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి.

"ఏటమ్మా?"

"నా గుంట తప్పిపోనాది. మూడేళ్లది. గున్నమ్మ. బేగి సెప్పండి బాబూ, బస్సు ఎల్లిపోతాది."

మైకు అందుకున్నాను. "గున్నమ్మ, గున్నమ్మ అనే మూడేళ్ల పాప ఎక్కడున్నా మైకు దగ్గరికి తీసుకురావాలి. తల్లి ఎదురుచూస్తోంది..."

రెండోసారి చెబుతుంటే ఆమె ఆగలేకపోయింది. ముందుకి వంగి, మైకుకి నోరానించి గట్టిగా పిలిచింది.

"గున్నమ్మా... ఓ గున్నమ్మా..."

నా చెవి పక్కనే పిలిచింది. కానీ స్పీకర్లలో ఏమీ రాలేదు.

మైకు చూశాను. ఆన్‌లోనే ఉంది. నా ఊపిరి బుస్సుబుస్సుమని వీధంతా వినిపిస్తోంది. ఆమె గొంతు మాత్రం... లేదు.

అప్పుడు తెలిసింది నాకు ఆ వేడి. రోడ్డుది కాదు. ఆమె ఒంట్లోంచి వస్తోంది... పొయ్యి పక్కన కూర్చున్నట్టు.

అంతలో రోజారమణి పరిగెత్తుకుంటూ వచ్చింది. చంకలో పాప. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ పేరు మీకెవులు సెప్పారు?"

నేను పక్కకి చెయ్యి చూపించాను.

రోజారమణి ఆమెని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గుసగుసగా, "అమ్మా," అంది. "నానే గున్నమ్మని."

ఆమె ఎగాదిగా చూసింది. "నువ్వెవులు తల్లీ? నా గుంట సిన్నది గదా."

"నానే అమ్మా. ఈపుకి కట్టుకుని కొండ దిగీదానివి నన్ను. పెద్దయిపోనాను, అంతే..."

"నేదు తల్లీ. నా గుంట సిన్నది."

ఆ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. అంత అలసిపోయిన గొంతు నేను మళ్లీ వినలేదు. ముప్పయి దాటిన నా భార్య, తనకంటే చిన్నదానిలా ఉన్న తల్లి ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె ఓదార్చలేదు. జనంలోకి చూస్తూనే ఉంది.

ఉన్నట్టుండి ఆ చూపు చంకలో పాప మీద ఆగింది.

"ఇదిగో... ఇక్కడున్నాది."

రోజారమణి వెనక్కి జరిగింది. నేను లేవబోయాను. డప్పులు మీదికొచ్చేశాయి. ఘటాల వెనక జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. ఆ తోపులో ఆమె చెయ్యి చాచింది... పాప నడినెత్తి నుంచి పాదం దాకా మెల్లగా నిమిరింది. చెవిలో ఏదో చెప్పింది.

పాప "ఊఁ" అని తలూపింది.

ఘటాలు దాటిపోయాయి. ఆమె లేదు.

ఇంటికొచ్చాక రోజారమణి అంతా చెప్పింది. దేవుడమ్మగారు పోయే ముందు తనని దగ్గరికి పిలిచి ఒప్పుకుందట.

"మూడు రోజులు మైకులో పిలిపించిందట మాయమ్మ. ఈ పెంచినమ్మ ఇన్నాదట. ఇన్నాది గానీ ఇయ్యలేక... నన్ను లోపలెట్టి తలుపేసీసిందట. మూడోరోజు మాయమ్మ బస్టాండుకాడ ఎండకి పడిపోయి, మరి నెగలేదట, అక్కడే పేనం పోనాదట."

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పి, ఏ అమ్మని తిట్టమంటారు?"

పాపని ఒళ్లోకి తీసుకుని అడిగాను. "ఆవిడ నీ చెవిలో ఏటి చెప్పిందమ్మా?"

పాప నవ్వింది. "అమ్మ సెప్పొద్దంది."

పక్కనే కూర్చున్న రోజారమణి ఉలిక్కిపడి నావైపు చూసింది.

ఇది జరిగి పదకొండు నెలలైంది. పాప బాగానే తింటోంది, ఆడుకుంటోంది, జ్వరమైనా రాలేదు. అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల ఎత్తు కొలుస్తారు. నిన్న టీచరమ్మ మోక్షితని గోడకి ఆనించి మూడుసార్లు కొలిచింది. కార్డు నా చేతిలో పెట్టింది.

పదకొండు గళ్లు. అన్నింట్లోనూ ఒకటే అంకె... ఎనభై తొమ్మిది.